వరికి గొడుగు పట్టిన ఉద్యోగం

నేను చేసిన ఉద్యోగం నీడ వెయ్యడం. బస్టాపులో కాదు, వరి మీద.

సబ్బవరం అవతల ఓ వ్యవసాయ ప్రయోగ క్షేత్రం. అక్కడంతా గరువు నేల. చెరువూ కాలవా అందని మెట్ట. వానొస్తే తాగుతుంది, రాకపోతే ఆకాశం వైపు నోరు తెరిచి కూర్చుంటుంది. ఆ మెట్టలో వెద చల్లిన వరి మళ్లకి నాలుగు పక్కలా గుంజలు పాతి, పైన పచ్చ వల లాగి కట్టడం నా పని. ఏ వల కింద పైరు ఎంత పెరిగింది, ఎంత పండింది అని చూసుకోవడం చదువుకున్నవాళ్ల పని. గాలికి వల చిరిగితే కుట్టడం మళ్లీ నా పనే.

నా చదువు ఏడో తరగతి. బడిని నేను వదిలానో, బడే నన్ను వదిలిందో ఇప్పటికీ తేలలేదు. విడిపోయాక మాత్రం ఇద్దరం సుఖంగానే ఉన్నాం. క్షేత్రంలో అప్పారావులు ఇద్దరం. ట్రాక్టరు తోలేవాణ్ణి ట్రాక్టరప్పారావు అనేవారు, నన్ను నీడప్పారావు అనేవారు. వాడి పేరు చెబితే పిల్లనిచ్చారు. నా పేరు చెబితే ‘అంటే ఏటి సేత్తాడు?’ అని అడిగి, ఆలోచించుకుని ఇచ్చారు.

మా అప్పని (అక్కని మా వైపు అప్ప అంటాం) చేసుకున్న సూరిబావ అయితే పెళ్లిళ్లలో నన్ను పదిమందికీ చూపించి చెప్పేవాడు.

“ఈడు మా బావమరిది. వరికి గొడుగు పట్టే ఉజ్జోగం. గవర్నమెంటు జీతం!”

“మరి నీకెవులు పడతారు బావా గొడుగు?” అని నేనంటే,

“నాకేటిరా, మీ అప్ప కొంగు లేదేటి,” అనేవాడు. మా అప్ప ఆ కొంగుతోనే వాడి వీపు మీద ఒకటిచ్చేది.

ఈమధ్య క్షేత్రంలో కొత్తగా చేరిన కుర్రాళ్లు కొందరు ఇంటికొచ్చి, ఈ పనిలో ఏం తెలుసుకోవాలి అని అడిగారు. జీతం ఎప్పుడు పెరుగుతుంది, పర్మినెంటు ఎలా అవుతుంది అన్నవి నన్ను అడక్కండి, వాటికి యూనియన్ ఉంది. నేను రెండు మూడు సంగతులే చెబుతాను. వాటిలో ఆఖరుది సూరిబావ పొలం. నిజానికి అది చెప్పడానికే మొదలెట్టాను. కిందటేడు ఆ పొలం నిలుస్తుందా పోతుందా అన్నది ఆ చేను గింజ కట్టడం మీద పడింది. కడుతుందా కట్టదా అని చెప్పడం నా నోటి మీద పడింది. మిగతావి లేకపోతే ఆ మాట నేనెందుకు చెప్పగలిగానో మీకు అర్థం కాదు.

గోరు

నాకు పని నేర్పింది వసుంధర మేడం. వలల ప్రయోగమంతా ఆవిడదే. మామిడి తోటల్లో, జీడిమామిడి తోటల్లో చెట్ల మధ్యన ఖాళీ ఉంటుంది కదా, అక్కడ మెట్ట వరి వేసుకుంటే రైతుకి తిండిగింజలు వస్తాయా అన్నది ఆవిడ పట్టుకున్న ప్రశ్న. చెట్లు పెరిగేదాకా ఎవరాగుతారు? అందుకని చెట్టుకి బదులు వల. పలచటి వల అంటే లేత తోట. చిక్కటి వల అంటే ముదురు తోట. ఏ వలా లేని మడి ఎండ మడి.

ఆవిడ మాట చాలా తక్కువ. ఆవిడ వారంలో ఆడే మాటలు నేను ఒక టీకే ఖర్చు పెట్టేసేవాణ్ణి. మొదటి పంట వెన్ను (అదే, కంకి) తీస్తుంటే చిక్కటి వల కింద మడి చూసి నేను మురిసిపోయాను. ఎండ మడి కంటే జానెడు ఎత్తు. ఆకు ఇంత వెడల్పు. రంగు చూస్తే కోసుకు తినాలనిపించే పచ్చదనం.

“మేడం, ఈ మడి బంగారం,” అన్నాను.

ఆవిడ ఒక వెన్ను తుంచి నా చేతిలో పెట్టింది. “కంటితో కాదు అప్పారావ్. గోటితో చూడు.”

గింజని గోటితో నొక్కితే పాలు రావాలి. నొక్కాను. పొట్టు పొట్టుకి తగిలింది, అంతే. ఇంకోటి నొక్కాను. ఇంకోటి. ఎండ మడిలో పొట్టిగా, కాస్త వెలిసినట్టున్న పైరు దగ్గరకి తీసుకెళ్లి నొక్కమంది. గోరంతా తెల్లగా పాలు.

అప్పుడు చెప్పింది. నీడలో పైరు ఎండ కోసం పైకి ఎగబాకుతుంది. ఒంట్లో ఉన్న సత్తువంతా కాడకి పోస్తుంది. దొరికిన కాస్త వెలుతురూ పట్టుకోవాలని ఆకుని వెడల్పు చేస్తుంది, రంగు ముదరేస్తుంది. పిలకలు పెట్టడానికీ గింజ నింపడానికీ వచ్చేసరికి ఏమీ మిగలదు. కాడ సన్నం కాబట్టి గాలొస్తే పడుకుంటుంది.

“అంటే మా అప్ప పెళ్లిలాగ మేడం. పందిరికే అంతా అయిపోయింది, భోజనాల దగ్గరికి చేతులెత్తేశాం,” అన్నాను.

ఆవిడ నవ్వగా చూడ్డం అదే మొదలు.

తర్వాతి పంటల్లో వలలు మార్చి మార్చి కట్టించింది. పిలకలేసే వయసులో నీడ వేసి తర్వాత వల తీసేస్తే పైరు కొంత తేరుకునేది. అదే పొట్టకొచ్చాక వేస్తే ఇంక లేచేది కాదు. నా మాటల్లో చెప్పాలంటే మొదటిది ఓ పూట పస్తు పెట్టడం, రెండోది గొంతు పట్టుకోవడం. ఒక్క సంగతి మాత్రం నీడ తరఫున చెప్పాలి. వానలు ముఖం చాటేసిన ఏడు ఎండ మడి మాడిపోతే పలచటి వల కింది మడి నిలబడింది. నేలలో తడి ఆగింది మరి. ‘నీడ చెడ్డది’ అని గుడ్డిగా చెప్పే కుర్రాణ్ణి మేడం ఒప్పుకునేది కాదు. ఎంత నీడ, ఎప్పుడు, ఏ ఏడు అని అడిగేది. మీరూ అడగండి.

గౌరమ్మ రిజల్టు

ఈ తప్పు ఇంకెక్కడా జరగదేమో. మా దగ్గర జరిగింది.

ఒక ఏడు పలచటి వల మడి ఎండ మడి కంటే ఎక్కువ పండింది. వానలు బాగానే ఉన్నాయి, కరువు సాకు లేదు. అందరూ సంబరపడ్డారు. పై ఆఫీసరు మేడం భుజం తట్టినంత పని చేశాడు. తోటల్లో వరి వేసుకోండహో అని ఊరూరా చెప్పడమే తరువాయి. మేడానికి మాత్రం మనసొప్పలేదు. అన్నం కారియరు పట్టుకుని రోజూ ఆఫీసులో తినే మనిషి, తర్వాతి పంటలో ఓ మిట్టమధ్యాహ్నం పొలానికి వచ్చింది.

కలుపు తీసే ఆడవాళ్లంతా వల కింద ఉన్నారు. ఒక్కరంటే ఒక్కరు బయట లేరు. వాళ్లకి పెద్ద గౌరమ్మ.

“గౌరమ్మా, ఎండ మళ్లలో కలుపెప్పుడు తీస్తారు?”

“సల్లబడ్డాక తీస్తాం మేడంగారూ. పొద్దున్నించి ఇక్కడ తీస్తన్నాం కదేటి.”

“కిందటేడు కూడా ఇలాగేనా?”

“ఓలమ్మ! కిందటేడు మేం ఈ పనిలో సేరిన కాడ్నించీ ఇంతే. ఎండలో నడుములిరగ్గొట్టుకోడానికి మేం ఏటి తక్కువ తిన్నామా? ఇక్కడైతే ఒకటికి రెండు మాట్లు ఏరతాం.”

అదీ సంగతి. చల్లగా ఉందని ముందు నీడ మళ్లలోకి వెళ్లేవారు, తీరిగ్గా గరిక వేరు కూడా వదలకుండా పీకేవారు. ఎండ మడికి వచ్చేసరికి పొద్దు వాలేది, పైపైన గీకి ఇంటికి పోయేవారు. ఎండ మళ్లో కలుపు వరిని తినేసింది. కాగితాల మీద అది నీడ చేసిన మేలుగా రాసుంది.

మేడం గౌరమ్మని ఒక్క మాటనలేదు. ఆ ఏడు ఫలితాలు మొత్తం కొట్టేసింది. పై ఆఫీసరు గొడవ పెట్టుకున్నాడు, అంత మంచి రిజల్టు పారేస్తారా అని.

“అది వరి రిజల్టు కాదు సార్. గౌరమ్మ రిజల్టు,” అంది.

మర్నాడు నన్ను పిలిచి ఆడవాళ్లకి గట్టు మీద తాటాకుల పాక వేయించింది. అన్ని మళ్లకీ ఒకే పూట కలుపు తీసేటట్టు మనుషుల్ని పంచింది. నాకు తెలిసిన అధికారుల్లో తన పేరొచ్చే పనిని తన చేత్తో చెరుపుకున్న మనిషి ఆవిడొక్కతే. మిగతావాళ్లయితే గౌరమ్మని మానిపించి, రిజల్టు ఉంచుకునేవారు.

ఫొటో

మిగతావాళ్లంటే ఎలాంటివాళ్లో కూడా చెప్పాలి. ఒకసారి హైదరాబాదు నుంచి ఓ పెద్దాయన వచ్చాడు. జీపు దిగాడు, అటూ ఇటూ చూశాడు, తిన్నగా చిక్కటి వల మడి దగ్గరకెళ్లి నిలబడ్డాడు. పచ్చగా ఉన్నది అదే మరి. ‘ఎక్సలెంట్ క్రాప్’ అన్నాడు. మేడం ఏదో చెప్పబోయింది, ఈలోగా ఫొటో తీసేశారు. నేను కూడా అందులో ఉన్నాను, వల తాడు పట్టుకుని పెళ్లికొడుకులాగ.

ఆ మడి నూర్చితే వచ్చింది తాలు, లోపల గింజ లేని ఉత్త పొట్టు. పశువులు కూడా ఓసారి వాసన చూసి మనవైపు చూసే రకం. ఫొటో మాత్రం పటం కట్టి ఆఫీసులో పెట్టారు. నేను రిటైరైన రోజు ఆ పటం కిందే కుర్చీ వేసి శాలువా కప్పారు. నవ్వొచ్చింది. అప్పటికి మేడం వెళ్లిపోయి చాలా కాలమైంది. వలలు గోదాములో ఎలకలు కొట్టేశాయి.

సారెలో వడ్లు

ఇంక మా అప్ప సంగతి.

అప్పకి పెళ్లయినప్పుడు మా అమ్మ సారెలో అందరిలాగే చలివిడీ అరిసెలూ పెట్టింది. వాటికింద ఓ చిన్న మూట ఎర్రొడ్లు కూడా పెట్టింది. మా ఇంట్లో తాతలనాటి మెట్ట వరి అది. బియ్యం ఎర్రగా ఉంటాయి, గంజి గులాబీ రంగులో వస్తుంది. అరిసెలు ఆ వారంలో అయిపోయాయి. ఎర్రొడ్లు మాత్రం అప్ప ఏటేటా జల్లించింది, ఏటేటా విత్తనం తీసి దాచింది. మా ఇంట్లో పొలం పోయింది, మా దగ్గర ఆ రకం పోయింది. అప్ప గరువు మీద నిలిచింది.

సూరిబావది ఊరి చివర, రోడ్డు పక్క పొలం. తెల్లవారుతూనే మోపెడ్ మీద ఉక్కునగరం క్వార్టర్లకి పాలు పోసి వచ్చేవాడు, తర్వాత పొలం. చేలో పెత్తనమంతా అప్పదే.

మేడం ఒకసారి అప్ప దగ్గర ఆ వడ్లు అడిగి తీసుకుని వలల కింద వేసి చూసింది. మిగతా రకాలు పలచటి నీడకి ఏదో సర్దుకునేవి. ఎర్రొరి సర్దుకోలేదు. ఎండ తగ్గితే చాలు నిలువుగా సాగి నేల మీద పడుకునేది.

“నీ అప్పలాగే ఉంది అప్పారావ్, రాజీ పడదు,” అంది మేడం.

ఆ మాట అప్పకి చెబితే ఎంత గర్వపడిందో! మేడం రిటైరయ్యాక ఆ ప్రయోగం ఆగిపోయింది, క్షేత్రంలో ఉన్న సంచీలు పురుగు పట్టాయి. మళ్లీ ఆ రకం అప్ప గరువులో తప్ప ఇంకెక్కడా లేదు.

తర్వాత అప్పకి కిడ్నీలు పాడయ్యాయి. సీతమ్మధారలో ఓ ఆసుపత్రికి వారం వారం తిప్పాం. రక్తం శుభ్రం చేసే మిషను పక్కన పడుకోబెట్టి గంటలు గంటలు ఉంచేవారు. కిటికీలోంచి ఎండ మొహం మీద పడేది. అప్ప నన్ను చూసి,

“ఒరే తమ్ముడూ, నీ వలొకటి తెచ్చి ఈ కిటికీకి కట్టరా. ఊరందరి వరికీ కడతావు, నాకు కట్టవేటి?” అంది.

మర్నాడు నిజంగానే పాత వల ముక్క తీసుకెళ్లి కట్టాను. నర్సమ్మ కేకలేసింది, తర్వాత నవ్వి ఊరుకుంది. ఆ పచ్చటి నీడలో అప్ప మొహం చూసి నేను బయటికొచ్చేశాను.

వైద్యానికి తూరుపు వైపు సగం పొలం అమ్మేశాడు బావ. సగం పొలం వెళ్లింది, వెనకాలే అప్ప కూడా వెళ్లిపోయింది. వెళ్లేముందు పెద్ద పెద్ద మాటలేం చెప్పలేదు. “ఇత్తనం పోనీకండి,” అంది, అంతే. పాలపొయ్యి ఆర్పీమని చెప్పినంత మామూలుగా.

శ్లాబూ వెన్నూ

అమ్మిన సగంలో అపార్టుమెంటు లేచింది. రెండు బ్లాకులు, మధ్యలో కార్లు తిరిగే దారి. పొద్దున్న పూట దాని నీడ బావ చేలో పడేది. పంట తగ్గింది గానీ మధ్యాహ్నం నుంచి ఎండ ఉండేది కాబట్టి విత్తనానికీ తిండికీ వచ్చేది. కిందటేడు పడమటి పక్క రైతు కూడా అమ్మేశాడు. తొలకరికి బావ వెద చల్లేనాటికి అక్కడ పిల్లర్లు లేచి ఉన్నాయి. ఎర్రొరి పిలకలేస్తుంటే మొదటి శ్లాబు. పొట్టకొస్తుంటే ఇంకోటి. వాడి శ్లాబూ మా వెన్నూ పందెం వేసుకున్నట్టు పైకొచ్చాయి.

రెండు బిల్డింగుల మధ్య బావ పొలం సందులాగ మిగిలింది. దాన్ని కూడా ఇచ్చెయ్యమని బిల్డరు మనుషులు తిరుగుతున్నారు. బావ ఓ రోజు విసిగిపోయి వాళ్లతో అనేశాడు: “ఈ పంట గింజ కడితే అమ్మను, మళ్లీ నా గుమ్మం తొక్కకండి. కట్టకపోతే మీరే తీసుకోండి.” దేవుడి ముందు కాదు, లాయరు ముందూ కాదు, టీ కొట్టు దగ్గర. అయినా సూరిబావ మాట అన్నాడంటే అన్నట్టే.

ఆ ధైర్యం ఎక్కడిదంటే, చేను బ్రహ్మాండంగా ఉంది. అటు మేడలోవాళ్లు బాల్కనీల్లోంచి సెల్లులో ఫొటోలు తీసుకుంటున్నారు. బావ కబురు పెడితే వెళ్లాను. దూరం నుంచే కనబడింది. తూరుపు గోడ పక్కన పైరు నడుం దాటి లేచింది. నల్లగా ఉందా అన్నంత పచ్చదనం. అక్కడ, సరిగ్గా ఆ పచ్చదనం నడుమ, బావ దిష్టి బొమ్మ పెట్టాడు. కుండకి సున్నంతో కళ్లూ నోరూ రాసి, తన పాత చొక్కా తొడిగి. చేలో ఏది బాగుంటే దానికే కదా దిష్టి తగులుతుంది.

“ఎలగుంది బావా సేను? నీ పెయోగాల్లో ఎప్పుడైనా ఇలగ సూసినావా?” అన్నాడు సూరిబావ. వాడూ నన్ను బావా అనే పిలుస్తాడు.

చూశాను. ఆఫీసు గోడ మీద, పటంలో.

“ఏటి, గొడుగు పట్టీవోడివి, ఓ మాటనవేటి?”

“ఆ చొక్కా నీకంటే బొమ్మకే బాగుంది బావా,” అన్నాను. నోరు అలవాటు కొద్దీ అనేసింది, లోపల మాత్రం నవ్వు లేదు.

“ఎకసెక్కాలొద్దు. గింజ కడతాదా కట్టదా? నువ్వే సెప్పాల. ఆ బిల్డరోలకి మాటిచ్చీసినాను.”

వెన్ను తుంచాను. నొక్కాను. ఈపాటికి పాలు పోసుకోవాల్సిన గింజ. పొట్టు పొట్టుకి తగిలింది. గోడ పొడుగునా నడిచి నాలుగు చోట్ల చూశాను. ఉద్యోగంలో ఉండగా వేలసార్లు చేసిన పనే. అప్పుడు తాలొస్తే మేడం రాసుకునేది, మేం టీ తాగేవాళ్లం.

“కట్టదు బావా.”

“ఏటన్నావ్?”

“ఎండ లేదు. పైకి సాగిందంతే. లోపల ఏటీ లేదు. నాలుగు సినుకులు గట్టిగా పడితే పడుకుంటాది.”

బావ మొహం ఎర్రబడింది. “వలలు కట్టి కట్టి నీ కళ్లకే వల కట్టీసుకున్నావు రా! ఊరంతా సూసి మెచ్చుకుంతంటే నీకు తాలు కనబడతందేటి?”

వెన్ను వాడి చేతిలో పెట్టాను. గోటితో నొక్కాడు. ఒకటి, ఇంకోటి, ఇంకోటి. నొక్కుతూ నొక్కుతూ గట్టు మీద కూలబడ్డాడు. తల ఎత్తి తూరుపు మేడ వైపు చూశాడు.

“దాన్ని బతికించుకుందామనే ఇచ్చినాను బావా ఆ సగం. అదీ దక్కనేదు. ఇప్పుడా సగమే ఈ సగాన్ని తినీత్తంది.”

నా దగ్గర జోకు లేదు. ఉంటే వేసేవాణ్ణే.

మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లాను. ఏదో ఆశ ఉండి కాదు, ఊరుకోలేక. సూర్యుడు మేడ వెనక ఉన్నాడు, చేనంతా నీడలో ఉంది. ఒక్కచోట మాత్రం, ఆ రెండు బ్లాకుల మధ్య కార్ల దారి ఉంది కదా, అందులోంచి ఎండ పట్టీలాగ చేలోకి పడి ఉంది. ఆ పట్టీలో పైరు పొట్టిగా, వెలిసినట్టు ఉంది. బావ దాని వంక చూడను కూడా లేదు. దిగి వెన్ను పట్టుకుని నొక్కాను. గోరు తడిసింది. తెల్లగా.

బావని కేకేశాను. ఇద్దరం పశువుల కొష్టంలో ఉన్న పాత గుంజలు తెచ్చి, ఎండ పడ్డంత మేరా పాతి తాడు కట్టాం. ఉద్యోగమంతా నీడకి గుంజలు పాతినవాణ్ణి. ఎండకి పాతడం అదే మొదలు. దిష్టి బొమ్మని పీకి ఆ పొట్టి పైరులో నిలబెట్టాం. బాల్కనీలోంచి ఓ అమ్మాయి,

“అంకుల్, బాగున్నది అక్కడైతే బొమ్మ ఇక్కడెందుకు?” అని అడిగింది.

“ఆడికి కొత్త చొక్కా కదమ్మా, ఎండలో సూపించుకుంటాడంట,” అన్నాడు బావ. అప్ప పోయాక వాడు జోకెయ్యగా విన్నది అదే.

మన ఎండ

కోతల ముందు వాన పడింది. పెద్దదేం కాదు. నడుమెత్తు పచ్చదనమంతా ఒక్క పూటలో తల్లకిందులై నేలకి అంటుకుంది, అలాగే కుళ్లింది. తాడు కట్టిన పట్టీ నిలబడింది.

దాన్ని ఒక్కదాన్నీ కోశాం. కాళ్లతో నూర్చాం. చేటలో చెరిగితే అందులోనూ తాలుంది, ఎగిరి మేడవాళ్ల కార్ల మీద పడింది. గట్టి గింజలు తువ్వాలు మూటకి వచ్చాయి. ఆరబెడదామంటే పొలంలో ఎండ నిలవడం లేదు. ఇటు నుంచి ఒక నీడ వెళ్లేలోగా అటు నుంచి ఇంకోటి వస్తోంది. ఓ మూల నుంచి ఇంకో మూలకి గోనెపట్టా ఈడుస్తూ తిరుగుతున్నాం. బాల్కనీ అమ్మాయి చూసి కిందికొచ్చి, “మా టెర్రస్ మీద ఆరబెట్టుకోండి అంకుల్, నేను వాచ్‌మన్‌కి చెబుతాను,” అంది.

లిఫ్టులో బావ వడ్ల మూట పొట్టకి కరుచుకుని నిలబడ్డాడు. తన పొలం పైకి లిఫ్టులో వెళ్లడం వాడికిదే మొదలు. తలుపు తీసి డాబా మీదికి అడుగు పెడితే కాళ్లు చుర్రుమన్నాయి. నీళ్ల టాంకులు తప్ప ఏ అడ్డూ లేదు. ఇటు ఉక్కు ఫ్యాక్టరీ పొగ దాకా, అటు కొండల దాకా ఎండే ఎండ. గింజలు పరిచాం. ఎర్రగా మెరిశాయి.

బావ చెయ్యి అడ్డం పెట్టుకుని చుట్టూ చూశాడు. కిందికి వంగి, సందులాంటి తన చేను చూశాడు. మళ్లీ పైకి చూశాడు.

“మన ఎండ ఎటెల్లిపోనాదా అనుకున్నాను బావా. ఇక్కడుంది.”

పరిచిన గింజల్ని చేత్తో కలియదిప్పుతూ అన్నాను, “గింజయితే కట్టింది కదా బావా. నీ మాట ప్రకారం అమ్మక్కర్లేదు.”

“కట్టింది. ఎక్కడ జల్లమంటావు?”

పడమటి వైపు ఐదో శ్లాబుకి ఇనుము కడుతున్నారు. అది లేస్తే మిగిలిన కాస్త మధ్యాహ్నం ఎండ కూడా ఉండదు. కార్ల దారి మీద రేకుల షెడ్డు వేస్తారట, ఆ పట్టీ కూడా ఉండదు. “ఇక్కడ మటుకు జల్లకు బావా,” అన్నాను. ఎంత నీడ, ఎప్పుడు అని అడగడం నేర్పిన మేడం కూడా అక్కడ నిలబడితే అదే చెప్పేది.

గింజలు ఆరాక బావ తువ్వాలులో పోసి ముడి వేశాడు. ముడి నా చేతిలో పెట్టాడు.

“మీ అమ్మ సారెలో పెట్టింది. తీసుకెల్లిపో. ఇంక మా ఇంట దీనికి సోటు నేదు.”

సారె వెనక్కి రావడం నేనెప్పుడూ వినలేదు, చూడలేదు. మెట్లు దిగుతుంటే మూట చంటిపిల్లంత బరువుగా, వెచ్చగా ఉంది.

పొలం అమ్మేశాడు. ఇప్పుడక్కడ పిల్లర్లకి గోతులు తవ్వుతున్నారు. సూరిబావ పాలు పోయడం మానేశాడు. నేను వెళితే మాత్రం, “ఏరా గొడుగోడా,” అని పిలుస్తాడు. ఆ పిలుపులో మునుపటి ఎగతాళి లేదు. మనిషిని గుర్తుపట్టడానికి పిలిచినట్టుంటుంది.

ఇదీ కుర్రాళ్లూ, నా ఉద్యోగం. పచ్చగా ఉన్నది చూసి ఫొటోలు తీసేవాళ్లు మీకు చాలామంది తగులుతారు. వాళ్లతో గొడవ పెట్టుకోకండి, టీ ఇచ్చి పంపించండి. తర్వాత చేలో దిగి ఒక వెన్ను తుంచండి. చూసింది రైతు మొహం మీద చెప్పండి, ఆ రైతు మీ సొంత బావ అయినా సరే. చెప్పాక అక్కణ్ణుంచి పారిపోకండి. మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లండి.

ఎర్రొడ్ల మూట మా ఇంట్లో అటక మీద ఉంది. వడ్లు మనకోసం ఎల్లకాలం ఆగవు. వచ్చే తొలకరి తప్పితే మొలక తగ్గుతుంది, ఆ పై ఏడు ఇంకా తగ్గుతుంది. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి కుంకేదాకా ఏ అడ్డూ లేకుండా ఎండ పడే గరువు మీలో ఎవరికైనా, మీ వాళ్లలో ఎవరికైనా ఉంటే వచ్చి పట్టుకెళ్లండి. ఊరికే ఇస్తాను. ముందే చెబుతున్నాను, పైరు పొట్టిగా, వెలిసినట్టు ఉంటుంది. చూసినవాళ్లెవరూ మెచ్చుకోరు. దిష్టి బొమ్మ అక్కడే పెట్టండి.